చేతి కిటికీ

ఫిబ్రవరి 3

ఈ రోజు కిటికీకి పదకొండు చేతులు వచ్చాయి. నాలుగో చెయ్యి రాలేదు.

మాత్ర మింగడం చూసే నాలాంటి సాక్షి తన దినచర్యను కాగితం మీద, సొంత చేత్తో రాయాలని ఆరోగ్య మండలి నియమం. కాగితాన్ని యంత్రాలు చదవవు కనుక అది భద్రమట. మనుషులు కూడా చదవరని నా అనుభవం. అయినా రాస్తున్నాను.

ఉదయం గది తాళం తీసి ముందు కిటికీ అరుగు తుడిచాను. కిటికీ అంటే గోడలో చెయ్యి పట్టేంత కన్నం, దానికి నల్ల రబ్బరు తెర. బయట నిలబడ్డవాడికి నేను కనబడను. నాకు వాడి చెయ్యి మోచేతి దాకా కనబడుతుంది. నాడి చూసి అరచేతిలో మాత్ర పెడతాను. చెయ్యి వెనక్కి పోతుంది. నీళ్ళు గుటక వేసిన చప్పుడు వినాలి, ఖాళీ అరచెయ్యి మళ్ళీ లోపలికి వచ్చి తెరుచుకోవాలి. అప్పుడే 'తీసుకున్నాడు' అనే మీట నొక్కుతాను. గుటక వినబడకపోతే నొక్కను. నన్ను ఈ పనికి ఎంచుకున్నది ఆ మొండితనం చూసే.

నగరంలో మిగతావాళ్ళకు ఈ తతంగం అక్కర్లేదు. వాళ్ళ మణికట్టుకు 'తోడు' అనే పూస ఉంటుంది. అది చర్మంలోకి వెలుతురు పంపి నెత్తురును చదువుతుంది. మందు వేసుకున్నారో లేదో దానికే తెలిసిపోతుంది. దిగులుగా ఉంటే చెవిలో ధైర్యం చెబుతుంది, జోకులు కూడా వేస్తుందట. మా రంగు మీద ఆ వెలుతురు పనిచేయదు. మా ముత్తాతలు ఆఫ్రికా నుంచి నిజాం గుర్రపు దళంలో కొలువుకు వచ్చారు. ఏసీ గార్డ్స్ సందుల్లో ఇప్పటికీ మా సిద్దీల ఇళ్ళున్నాయి. పూసను మా చేతికి తగిలిస్తే, 'చదవలేకపోతున్నాను, దయచేసి చర్మం శుభ్రం చేసుకోండి' అంటుంది. అందుకే ఈ కిటికీ.

ఇది మూసిన జాబితా, పేర్లు బయటికి పోవు. మగవాళ్ళను ప్రేమించే మగవాళ్ళది. కొందరికి ఈ మాత్ర ఒంట్లో ఉన్న వైరస్‌ను అణచి ఉంచుతుంది, కొందరికి అది రాకుండా కాపాడుతుంది. రెండిటికీ ఒకే రంగు, ఒకే ఆకారం. ఎవరికి ఏదో నాకు చెప్పరు. నేను అడగను.

నా గొంతు కూడా బయటికి పోకూడదు. నేను టైపు చేస్తే కిటికీకి బిగించిన తోడు తన గొంతుతో పలుకుతుంది. ఈ రోజు ఏడో చేతి గోళ్ళ నిండా మట్టి. స్కేలు తీసి వేళ్ళ కణుపుల మీద ఒకటి వేశాను. 'గోళ్ళు తీసుకోకుండా వస్తే మాత్ర ఇవ్వను, మొద్దు' అని టైపు చేశాను. తోడు బయటికి, "గోళ్ళు కాస్త చూసుకోండి నాన్నా" అంది. దాని తియ్యదనం నాకు పడదు. ఆ స్కేలు నేను బడిలో రసాయనశాస్త్రం చెప్పిన రోజుల నుంచీ నా దగ్గరే ఉంది. మాట మారినా దెబ్బ మారకుండా చేరుతుందని తెచ్చుకున్నాను.

తొమ్మిదో చేతి గురించి ఇంతవరకు ఎక్కడా రాయలేదు. చిటికెన వేలి పక్కన అర్ధచంద్రంలా కాలిన మచ్చ ఉంటుంది. కాలిన రోజు దాని మీద మందు రాసింది నేనే. ఆ చెయ్యి నా మనవడు మర్జాన్‌ది. పేర్లు అడిగి తెలుసుకోకూడదన్నది నియమం. నేను అడగలేదు, చూశాను. వాడికి ఇటువైపు ఎవరున్నారో తెలియదు. ఇంట్లో అందరూ నేను మండలిలో లెక్కలు రాస్తున్నాననే అనుకుంటారు.

ఫిబ్రవరి 5

నాలుగో చెయ్యి ఎవరిదో ఈ రోజు భోజనాల దగ్గర తెలిసింది. తెలియకుండా ఉంటే బాగుండేది.

నా కొడుకు సాలెం మర్ఫా వాద్య బృందానికి పెద్ద. పెళ్ళి ఊరేగింపుల్లో దఫ్‌లు, అంటే తోలు పలకలు, వాయిస్తారు. మర్జాన్ కూడా తండ్రి పక్కనే వాయిస్తాడు. నిప్పు నిషేధం వచ్చాక దఫ్‌లను మంట దగ్గర కాచడం పోయింది. కరెంటు పళ్ళెం మీద వేడి చేస్తారు. సాలెంకు ఆ పళ్ళెం అంటే అసహ్యం, కానీ చల్లటి తోలు మీద చెయ్యి వెయ్యడు, ఎవర్నీ వెయ్యనివ్వడు. వేడెక్కని తోలు చిట్లుతుందని చిన్నప్పుడు మర్జాన్‌కు దెబ్బలు వేసి మరీ నేర్పాడు.

"యాకూత్‌ను తీసేసిన," అన్నాడు సాలెం, రొట్టె తుంచుతూ.

కోడలు రుఖియా గిన్నె దించింది. "ఎందుకు? పిలగాడు మంచిగ కొడ్తడు గదా."

"వెనక సందుల కొత్త పద్ధతి పెట్టిన్రు. మాత్ర మింగిన్రా అని ఇంటి తెర అడుగుతది, ఇంట్ల పెద్దమనిషి చెప్పాలె. వాళ్ళ తాతకు చెవులు వినరావు. సాక్ష్యం ఇయ్యలే. పొద్దుగూకంగ, ఇంటి నిండ చుట్టాలున్నప్పుడు, తెర మొత్తం చదివింది. పేరు, మాత్ర పేరు, ఏ జాబితా అన్నది. అన్నీ."

"యా అల్లా," అంది రుఖియా.

"మూడు పెళ్ళిళ్ళోళ్ళు ఫోన్ జేసిన్రు. గా పోరడు వస్తే మేం వేరేటోళ్ళను పిలుస్తమన్నరు. నేనేం జెయ్యాలె? తొమ్మిది ఇండ్లు బతుకుతున్నయి ఈ బృందం మీద."

"దఫ్ కూడ గుంజుకున్నవా అబ్బా?" అన్నాడు మర్జాన్ తండ్రితో. తల ఎత్తలేదు.

"బృందందే గదా. అటక మీద పెట్టిన."

"వాడేడికి పోయిండు?"

"నాకేం తెల్సు. నువ్వు తిను."

మర్జాన్ తిన్నాడు. కంచంలో ఒక్క మెతుకు మిగల్చలేదు. అలా మిగల్చకుండా తినడం నేను నేర్పిందే. ఈ రోజు అది చూడలేకపోయాను.

ఫిబ్రవరి 8

మండలి నుంచి ఉత్తరువు వచ్చింది. వెనక సందులో పెట్టిన పద్ధతి నెలాఖరు తర్వాత నగరమంతా పెడతారు. చేతి కిటికీలు మూసేస్తారు. పూస చదవగలిగిన వాళ్ళకు పూసే చాలు. చదవలేని వాళ్ళకు 'ఇంటి సాక్ష్యం'. మాత్రల పెట్టె ఇంటికి వస్తుంది. అందులో ఎవరి అర వాళ్ళ గొంతుకే తెరుచుకుంటుంది. రోజూ సాయంత్రం ఆరింటికి ముందు ఇంటి పెద్ద వచ్చి తెర ముందు నిలబడి, ఒక్కొక్కరి పేరూ మందూ పలికి సాక్ష్యం చెప్పాలి. చెప్పకపోతే ఆరింటికి తెర సాక్ష్యం లేనివాళ్ళ పేర్లు, మందులు పైకి చదువుతుంది. దాన్ని 'కుటుంబ ప్రోత్సాహం' అన్నారు.

తెరను ఆపుకోవచ్చు. ఆపితే నీటి వంతు కూడా ఆగుతుంది.

మా ఇంట్లో తెర ముందు గదిలో ఉంది. బృందం కూర్చునేదీ ఆ గదిలోనే. ఇంటి పెద్దను నేను.

ఫిబ్రవరి 9

బయట తిరగకూడని ఎండ గంటలు మొదలు కాకముందే మండలి కార్యాలయానికి వెళ్ళాను. మా కిటికీల బాధ్యత ప్రసూన అనే అమ్మాయిది. కళ్ళ కింద నల్లగా ఉంది. బల్ల మీద అన్నం డబ్బా తెరిచి ఉంది, తిన్నట్టు లేదు.

"ఇది వద్దని పైవాళ్ళకు రాసి పంపాను మేడమ్," అంది నేను కూర్చోకముందే. "రెండుసార్లు పంపాను. చదవలేని చర్మాలు జనాభాలో చాలా తక్కువట. తర్వాతి ఏడాది చూస్తామన్నారు."

"వచ్చే ఏడాదికి వీళ్ళు ఉండాలిగా."

"ఉండాలి మేడమ్."

"నీకు తెలుసా, వెనక సందులో ఏం జరిగిందో?"

"తెలుసు. ఆ అబ్బాయికి రోజూ సందేశం పంపుతున్నాను. చూస్తున్నాడు, జవాబివ్వట్లేదు. వారం నుంచి మాత్ర తీసుకున్నట్టు ఎక్కడా లేదు." డబ్బా మూత పెట్టేసింది. "మీరు కోప్పడితే నాకు కొంచెం తేలిగ్గా ఉంటుంది మేడమ్. అందరూ 'పాపం' అంటున్నారు."

కోప్పడే ఓపిక నాకూ లేదు. ఆమె నా చేతుల వైపు చూస్తూ ఉంది.

"మేడమ్, మీ అరచేతులు లేత రంగులో ఉన్నాయి కదా," అంది. "పూసను అరచేతికి కడితే?"

ఇన్నాళ్ళూ నాకు తట్టలేదు. మండలిలో ఎవరికీ తట్టలేదు. పూస మణికట్టుకే కట్టాలని పుస్తకంలో బొమ్మ వేసి ఉంది.

ఫిబ్రవరి 13

ప్రసూన పట్టీలు కుట్టించి తెచ్చింది. తనకు మొహాలు తెలియకూడదని నా పక్కన, కిటికీ లోపలివైపే కూర్చుంది. ఒక్కో చెయ్యి వచ్చినప్పుడు అరచేతికి పూస కట్టి చూశాం. చదివింది. మొదటిది చదివినప్పుడు ప్రసూన నా భుజం పట్టుకుంది. నాకలా పట్టుకోవడం ఇష్టం ఉండదు, కానీ పట్టుకోనిచ్చాను.

ఎనిమిది చేతులు చదివింది. మూడింటిని చదవలేదు. మూడూ దఫ్ వాయించే చేతులు. తోలును కొట్టి కొట్టి అరచేతులు కాయలు కట్టి పాదాల్లా మొద్దుబారి ఉన్నాయి. వెలుతురు కాయ దాటి లోపలికి పోలేదు.

తొమ్మిదో చేతికి పూసను నాలుగు చోట్ల మార్చి కట్టాను.

"దయచేసి చర్మం శుభ్రం చేసుకోండి," అంది పూస.

"శుభ్రంగనే ఉన్నది," అన్నాడు బయటి నుంచి మర్జాన్, ఎవరితోనో తెలియకుండానే. "గోళ్ళు గూడ తీసిన."

ప్రసూన నవ్వింది. తర్వాత కిటికీ అరుగు మీద తల ఆనించింది.

సాయంత్రం మళ్ళీ రాసి పంపింది. వెంటనే జవాబు వచ్చింది. కాయలు తగ్గేదాకా వాయించడం మానుకోమని సలహా.

ఫిబ్రవరి 18

తొమ్మిదో చెయ్యి కట్టు కట్టుకుని వచ్చింది. కట్టు విప్పితే అరచేతి మీద కాయలు లేవు. బ్లేడుతో చెక్కేశాడు. పచ్చి మాంసం కనబడుతోంది, అంచుల్లో చీము.

నాడి చూడకుండా ముందు టైపు చేశాను: 'ఎవడు చెప్పాడు నీకు ఇలా చెయ్యమని, బుద్ధి లేదా, కుళ్ళిపోతే చెయ్యి తీసేస్తారు, తెలుసా.'

"అయ్యో, ఎందుకిలా అయ్యింది నాన్నా?" అంది తోడు.

బయటి నుంచి మెల్లగా అన్నాడు. "తోలు పల్చగుంటే మెషీన్ చదువుతదేమోనని. ఇంటి తెర దాకా పోవద్దు. మా అబ్బా బతికున్నంత కాలం అది వినొద్దు."

'మరి దఫ్?' అని టైపు చేశాను. దాన్ని తోడు మార్చలేదు.

"ఏం చేస్త. కొట్టను. వేరే పని జూస్కుంట."

ఈ చెయ్యి మూడేళ్ళప్పుడే మా అన్నం గిన్నె బోర్లించి వాయించింది. నేను పుండు కడిగి, మందు రాసి, గుడ్డ చుట్టాను. గట్టిగానే కట్టాను, ఊడకుండా. వదలడానికి మామూలు కంటే ఆలస్యమైంది. మాత్ర పెట్టాను. గుటక విన్నాను. మీట నొక్కాను.

ఇంటికొచ్చేసరికి సాలెం మేడ మీద సాధన చేయిస్తున్నాడు. మర్జాన్ కట్టుతో గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"ఏమైంది చేతికి?" అని నేనే అడిగాను. అడగకపోతే వింతగా ఉంటుంది.

"కరెంటు పళ్ళెం కాలింది దాదీ."

"కాలితే గట్లుంటదా?" అన్నాడు సాలెం. కొడుకు చేతిని రెండు వేళ్ళతో ఎత్తి చూశాడు. కట్టునే చూస్తున్నాడు. ఆ కట్టు నాది. గుడ్డ చివరను రెండుగా చీల్చి ముడి వెయ్యడం నా పద్ధతి, ఈ ఇంట్లో అందరి మోకాళ్ళకూ అలాగే కట్టాను. తర్వాత నా వైపు చూశాడు. చెయ్యి కింద పెట్టి, పళ్ళెం మీది దఫ్ తిప్పాడు.

ఫిబ్రవరి 22

నిన్న రాత్రి ప్రసూన ఫోన్ చేసింది. యాకూత్ కరీంనగర్‌లో ఆసుపత్రిలో ఉన్నాడు. ఊపిరితిత్తుల్లో జబ్బు చేసింది. మాత్రలు ఆపేయడం కొత్త కాదట, ఆ అబ్బాయి బెంగపడ్డప్పుడల్లా ఆపేవాడట. ఈసారి పట్టుకుని మింగించేవాళ్ళు లేరు. బతుకుతాడనే అంటున్నారు. 'బతుకుతాడనే' అన్న మాటను ఆమె రెండుసార్లు అంది.

తర్వాత గొంతు తగ్గించి ఇంకో సంగతి చెప్పింది. "మేడమ్, ఇది ఉత్తరువులో చిన్న అక్షరాల్లో ఉంది. ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఏదో ఒక మాత్ర జాబితాలో ఉంటే, అందరిదీ కలిపి ఒకే మాటగా సాక్ష్యం చెప్పొచ్చు. 'ఇంట్లో అందరూ తీసుకున్నారు' అంటే చాలు. అప్పుడు తెర పేర్లు చదవదు. కానీ ఒక్కరిది మిగిలినా మాట చెల్లదు."

"అందరూ నిజంగా మింగాలి."

"నిజంగానే మేడమ్."

ఆ మాట ఇవాళ ఉదయం కిటికీలో మిగిలిన మూడు చేతులకూ టైపు చేసి చెప్పాను. పదకొండో చెయ్యి వెంటనే, "మా ఇంట్ల పదిమందిమి" అంది. పదిమందికీ ఏదో ఒక జబ్బు ఉండకపోదు, వెతుక్కోమన్నాను.

ఫిబ్రవరి 24

భోజనాల దగ్గర చెప్పాను. ఒకటో తారీఖు నుంచి ఈ ఇంట్లో అందరూ సాయంత్రం ఆరింటి లోపు, నా కళ్ళ ముందు, ఎవరి మాత్ర వాళ్ళు మింగాలి. స్టీలు గిన్నెలు నాలుగు. ఎవరి గిన్నెలో ఏముందో ఎవరూ చూడకూడదు, అడగకూడదు.

"నాకేం జబ్బు అమ్మీ?" అన్నాడు సాలెం.

"రక్తపోటు."

"ఎవరు చెప్పిన్రు?"

"నేను చెప్పాను. రేపు పోయి చూపించుకో. లేకపోతే తెచ్చుకో."

"తెచ్చుకునుడేంది," అంది రుఖియా నవ్వుతూ. "నాకు?"

"నీకు ఇనుము. పాలిపోయావు."

"మన రంగుకు పాలిపోయింది ఎట్ల తెలుస్తది అత్తమ్మా?"

"కనురెప్ప కింద చూస్తే తెలుస్తుంది. నాకు ఎముకల మాత్ర. మర్జాన్‌కు..." కంచంలో కూర వడ్డించుకున్నాను. "మర్జాన్‌కు బలానికి."

"వానికేం తక్కువైంది బలం?" అన్నాడు సాలెం.

"పుండు మానాలి."

మర్జాన్ కంచంలోకే చూస్తున్నాడు. "సరే దాదీ," అన్నాడు.

"మీరు బడి వదిలిపెట్టిన్రు గాని బడి మిమ్మల్ని వదిలిపెట్టలే," అంది రుఖియా. ఆమెను నవ్వనిచ్చాను. ఆ నవ్వు పనికొస్తుంది.

ఫిబ్రవరి 28

కిటికీ ఈ రోజు మూసేశారు.

మొదటి చెయ్యి వచ్చింది. గోళ్ళ నిండా నల్లటి మట్టి. నెల రోజులుగా ఒక్కసారి కూడా మురికిగా రాని చెయ్యి. స్కేలుతో ఒకటి వేశాను. రెండో చెయ్యి వచ్చింది. మట్టి. మూడోది. మట్టి. ఐదో చేతికి మట్టి దొరకలేదు కాబోలు, బొగ్గు పూసుకొచ్చింది. అప్పటికి అర్థమైంది. ఏడో చెయ్యి లోపలికి వచ్చి, బోర్లా పెట్టి, వేళ్ళు చాపి తయారుగా ఉంది.

"గట్టిగ కొట్టున్రి టీచర్," అంది బయటి గొంతు. "మల్ల దొరకది."

'ఎప్పటి నుంచి తెలుసు?' అని టైపు చేశాను.

తోడు దాన్ని, "మీరు నన్ను గుర్తుపట్టారా?" అంది.

"మొదటి దెబ్బ సంది తెల్సు. తొమ్మిదో తరగతిల రోజు తిన్న గదా. ఈ సందులల్ల కణుపు మీద గింత సూటిగ కొట్టేది ఇంకెవరు?"

మణికట్లు ఎవరివో తెలుసుకోకుండా ఉండటానికి నేను అంత జాగ్రత్త పడుతున్నప్పుడు, అవతల వీళ్ళందరూ నేనెవరో తెలిసి వరసలో నిలబడ్డారు. తెలిసి, మళ్ళీ మర్నాడు వచ్చారు. తెర వెనక కూర్చున్నది నేను ఒక్కదాన్నే.

తొమ్మిదో చెయ్యి వచ్చింది. కట్టు తీసేశాడు, మచ్చ కట్టిన కొత్త చర్మం గులాబీ రంగులో ఉంది, పూస దాన్నీ చదవలేదు. గోళ్ళలో మసి. దఫ్‌ల పళ్ళెం మీద మాడి అంటుకున్న మసి. స్కేలు ఎత్తాను. చాలా మెల్లగా పడింది. నాడి చూడటానికి పట్టుకుంటే వేగంగా ఉంది, నాది అంతకంటే వేగంగా ఉండి లెక్క తప్పింది. మళ్ళీ మొదటి నుంచి చూశాను. మాత్ర, గుటక, ఖాళీ చెయ్యి. ఆ ఖాళీ చెయ్యి నా బొటనవేలిని పట్టుకుని, వదిలి, వెళ్ళిపోయింది.

అరుగు తుడిచి తాళం వేసి, తాళంచెవి ప్రసూనకు ఇచ్చాను. స్కేలు ఇంటికి తెచ్చుకున్నాను.

మార్చి 2

నిన్న నాలుగు గిన్నెలూ ఐదింటికే ఖాళీ అయ్యాయి. నేను తెర ముందు నిలబడి, "ఇంట్లో అందరూ తీసుకున్నారు" అన్నాను. పచ్చ దీపం వెలిగింది. అంతే. ఇంత చిన్న పని అని ఆశ్చర్యపోయాను.

ఈ రోజు బృందానికి పెళ్ళి ఉంది. పెళ్ళివారి ఇద్దరు పెద్దమనుషులూ, బృందంలోని ఎనిమిది మందీ ముందు గదిలో కూర్చుని ఉన్నారు. బట్టలు ఇస్త్రీ నుంచి తెమ్మని సాలెం మర్జాన్‌ను పంపాడు. మధ్యాహ్నం వేడి ఇంకా పెరిగిందని ఎండ గంటలను ఆరు దాకా పొడిగించారు. మెట్రో ఆగిపోయింది. మర్జాన్ లక్డీకాపూల్ దగ్గర రైలు పెట్టెలో కూర్చుని ఉన్నాడు. సందేశం పంపాడు: 'దాదీ, తలుపులు తెరుస్తలేరు.'

రుఖియా మింగింది. సాలెం మింగాడు. నేను మింగాను. నాలుగో గిన్నెలో మాత్ర పడనేలేదు. వాడి అర వాడి గొంతుకే తెరుచుకుంటుంది, ఫోన్‌లోంచి మాట్లాడితే తెరుచుకోదు. చూశాను.

ఆరుకు ఇంకా కాస్త ఉందనగా తెర ముందు నిలబడ్డాను. నా వెనక గదిలో పెళ్ళివారు టీ తాగుతున్నారు. ఈ చేత్తో నేను ఎప్పుడూ చూడనిది చూశానని రాయలేదు. విననిది విన్నానని మీట నొక్కలేదు.

"ఇంట్లో అందరూ తీసుకున్నారు," అన్నాను.

"క్షమించండి," అంది తెర. "ఒక అర తెరుచుకోలేదు. మీ సాక్ష్యం చెల్లదు."

డెబ్భై ఏళ్ళు దాటాక ఒక్క అబద్ధం ఆడితే అదీ చెల్లలేదు. మళ్ళీ అన్నాను. మళ్ళీ అదే చెప్పింది. నా చెయ్యి తెర అంచును వదల్లేదు. నేను ఎప్పుడూ దేనికీ ఆలస్యం కాలేదని ఈ గదిలో సాలెంకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. తల తిప్పితే వాడు నన్నే చూస్తున్నాడు. నా మొహం, నా చెయ్యి, గూట్లో నాలుగో గిన్నె, మళ్ళీ నా మొహం.

ఆరు కొట్టింది. తెర గొంతు సవరించుకున్నట్టు చిన్న చప్పుడు చేసింది. "కుటుంబ ప్రోత్సాహం. ఈ రోజు మిగిలిన సభ్యుడు..."

సాలెం దఫ్ అందుకుని కొట్టాడు.

మొదటి దెబ్బకే గది అదిరింది. పెళ్ళివారి టీ కప్పు సాసరులో గలగలమంది. బృందంలో మిగతావాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. పెద్ద మొదలుపెట్టాక ఆగకూడదు కనుక తలా ఒక దఫ్ తీసుకుని అందుకున్నారు. తెర చదువుతూనే ఉంది. పెదాలు కదులుతున్నట్టు దీపం కదులుతోంది. పక్కనే ఉన్న నాకే ఒక్క మాట వినబడలేదు. పెళ్ళివారిలో పెద్దాయన తొడ మీద తాళం వేయడం మొదలుపెట్టాడు. దీపం ఆరిపోయేదాకా సాలెం ఆపలేదు. ఆరిపోయాక ఇంకో రెండు వరసలు కొట్టి, అప్పుడు ఆపాడు.

"మస్తుంది ఉస్తాద్," అన్నారు పెళ్ళివారు. "చాతీల మోగింది."

"జర చెయ్యి తిప్పుకుందామని," అన్నాడు సాలెం.

కరెంటు పళ్ళెం మూల గోడకు ఆనించి ఉంది. ఎవరూ దాన్ని ఇంకా పెట్టనేలేదు. ఆ దఫ్ మధ్యాహ్నం నుంచి చల్లని గచ్చు మీద పడి ఉంది. అంచు దగ్గర తోలు వేలెడు పొడవున చిట్లింది. సాలెం దాని మీద బొటనవేలు పెట్టి రాశాడు, పెళ్ళివారికి కనబడకుండా బోర్లించాడు.

వాళ్ళు బయటికి వెళ్ళాక మర్జాన్ వచ్చాడు. బట్టల మూట చేతుల్లో ఉంది, చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయింది. నా మొహం చూశాడు, తెరను చూశాడు. పెట్టె దగ్గరికి పోయి తన పేరు చెప్పాడు. అర తెరుచుకుంది. మింగాడు. ఖాళీ అరచెయ్యి నా ముందు చాచాడు, కిటికీలో చాచినట్టే. సాలెం చెప్పులు వేసుకుంటూ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"అమ్మీ," అన్నాడు, మా ఇద్దర్నీ చూడకుండా. "అది రోజు ఆరింటికేనా అడిగేది?"

"ఆరింటికే."

"గట్లయితే ఐదున్నరకు ఇంట్ల ఉండాలె. పెళ్ళున్నా, లేకున్నా." చెప్పు పట్టీ బిగించాడు. "మర్జాన్, నా దఫ్ చిట్లింది. నీది నేను దీస్కుంట. నువ్వు అటక మీదున్నది దించుకో. పుండు నొప్పి లేస్తే ఒంటి చేత్తో కొట్టు."

మర్జాన్ నిచ్చెన తెచ్చాడు. యాకూత్ దఫ్ మీద నెల రోజుల దుమ్ము ఉంది. తుడిచి, పళ్ళెం మీద వేడికి పెట్టాడు.

ఈ రోజు సాక్ష్యం: నలుగురూ తీసుకున్నారు. ఒకరు ఆలస్యంగా.